ఒక్క విడతలో మోయగలిగినంత

కొత్త యాంప్లిఫయరో, కీబోర్డో కొనాలని కొన్ని నెలలుగా డబ్బు దాస్తున్నారు కదూ? రాత్రి పడుకునే ముందు ఫోన్లో వీడియోలు చూస్తున్నారు. ఒకాయన ఇది కొనమంటాడు, ఇంకొకాయన దాన్ని మించింది వచ్చేసిందంటాడు. చూసినకొద్దీ తేలడం లేదు. ఎందుకంటే వాళ్ళెవరూ మీ ప్రోగ్రాములకు రాలేదు. మీరు ఎక్కడ వాయిస్తారో, అక్కడ ప్లగ్గు ఎంత దూరంలో ఉంటుందో, మీరు ఏ బండి మీద వెళ్తారో వాళ్ళకు తెలియదు. మీకు తెలుసు. అందుకే మొదటి పని దుకాణంలో లేదు, మీ ఇంట్లోనే ఉంది. ఒక నోటుపుస్తకం తీసుకోండి.

1. గత 10 ప్రోగ్రాములు రాయండి

ఊరు, చోటు, ఎంతమంది కూర్చున్నారు, సౌండ్ మీదా వాళ్ళదా, కరెంటు ఎక్కణ్ణుంచి లాగారు, మీరెలా వెళ్ళారు, ఎక్కడ ఇబ్బంది పడ్డారు. ఒక్కోదానికి రెండు లైన్లు చాలు.

నేను మొదటిసారి ఇలా రాసుకున్నప్పుడు నా పదింటిలో ఏడు ఇళ్ళలోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్లలోనో, చిన్న గుళ్ళలోనో జరిగినవని తేలింది. అయ్యప్ప పడిపూజలు, ధనుర్మాసంలో తెల్లవారగట్ల భజనలు, డిసెంబరులో ఇంటింటికీ తిరిగే క్రిస్మస్ పాటలు. పెద్ద స్టేజీలు మూడే. అక్కడ ఎలాగూ సౌండ్ వాళ్ళు బండెడు బాక్సులు దింపారు. నేను కొనాలని కలగంటున్నదేమో ఆ మూడింటికి పనికొచ్చే సరుకు! మిగతా ఏడింటిలో ఎవరి గొంతూ ఎవరికీ సరిగా వినబడక, అద్దె మైకు సెట్టు మీద ఆధారపడి అవస్థ పడ్డాను. మీ పుస్తకం ఏం చెబుతోంది?

రాయడం అయ్యాక ఒక హద్దు గీసుకోండి. ఆటో దిగిన చోటినుంచి మీరు కూర్చునే చోటిదాకా ఒక్క విడతలో, ఒక్కరే మోయగలిగినంతే మీ సరుకు. భుజాన కీబోర్డు, ఒక చేతిలో యాంప్లిఫయరు, రెండో చేతిలో సంచి. రెండో విడత వచ్చేలోపు మొదటి విడత సామాను ఎవరు చూస్తారు? లిఫ్టు లేని మూడో అంతస్తు డాబా మీద పడిపూజ అయితే? ఈ హద్దు దాటిన సరుకు నాలుగు నెలలు తిరిగి మంచం కిందికి చేరడం నేను చాలాసార్లు చూశాను.

2. వాట్లు చూసి మోసపోకండి

"ఇది 50 వాట్లండీ, ఇది 100. రెట్టింపు సౌండు వస్తుంది" అంటాడు దుకాణంలో కుర్రాడు. రాదు. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. పక్కపక్కన పెట్టి వింటే తేడా తెలుస్తుంది, అంతే. చెవికి రెండింతలు పెద్దగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే పవర్ 10 రెట్లు కావాలి.

ఇంకో లెక్క ఉంది, దీన్ని గుర్తుంచుకుంటే చాలు, సగం పని తెలిసినట్టే. ఆరుబయట స్పీకరుకు మీరున్న దూరం రెట్టింపైన ప్రతిసారీ సౌండు 6 డెసిబెల్స్ పడిపోతుంది. 2 మీటర్ల దగ్గర కూర్చున్నవాళ్ళకు వినిపించినదానికన్నా 16 మీటర్ల దూరంలో ఉన్నవాళ్ళకు 18 డెసిబెల్స్ తక్కువ. అందుకే ముందు వరుస చెవులు మూసుకుంటుంది, వెనక వరుస "వినపడట్లేదు" అని చేతులూపుతుంది. వాల్యూం పెంచితే ఇద్దరి బాధా తీరదు.

మరేం చెయ్యాలి? స్పీకరును నేల మీదినుంచి లేపండి. కింద పెట్టిన స్పీకరు సౌండును ముందు వరుసలో కూర్చున్నవాళ్ళ ఒళ్ళే తాగేస్తుంది, ముఖ్యంగా మాటలకు స్పష్టతనిచ్చే పై శబ్దాలను. స్టాండు మీద తలల కన్నా పైకి ఎత్తితే ముందువాళ్ళకు నేరుగా గుచ్చుకోదు, వెనకవాళ్ళకు అడ్డం లేకుండా చేరుతుంది. స్టాండు కొనడానికి డబ్బు మిగల్చకుండా పెద్ద యాంప్లిఫయరు కొన్నవాళ్ళ కంటే, చిన్నది కొని స్టాండు కూడా తెచ్చుకున్నవాళ్ళ సౌండే బాగుంటుంది. ఇది నేను గట్టిగా చెప్పగలను.

దుకాణంలో అడగాల్సిన ప్రశ్న వాట్లు కాదు. "గరిష్ఠ ఎస్‌పీఎల్ ఎంత? బ్యాటరీ మీద ఎన్ని గంటలు? ఎన్ని ఇన్‌పుట్‌లు? లైన్ అవుట్ ఉందా?" ఈ నాలుగూ అడగండి. ఎస్‌పీఎల్ అంటే అది ఎంత పెద్దగా మోగగలదో డెసిబెల్స్‌లో చెప్పే అంకె.

3. బ్యాటరీ యాంప్లిఫయరు: ఏది ఎవరికి?

రోలాండ్ మైక్రో క్యూబ్ జీఎక్స్ 3 వాట్లది, 5 అంగుళాల స్పీకరు, ఆరు పెన్‌సెల్ బ్యాటరీలు. ఇంట్లో సాధనకు, గదిలో నలుగురి ముందు వాయించడానికి హాయిగా ఉంటుంది. పందిట్లోకి తీసుకెళ్ళి దాన్ని అరిపించకండి. అదే కంపెనీ క్యూబ్ స్ట్రీట్ ఈఎక్స్ 50 వాట్లు, రెండు 8 అంగుళాల స్పీకర్లు, ఎనిమిది పెన్‌సెల్ బ్యాటరీలతో నడుస్తుంది. బ్యాటరీలు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి కాబట్టి పల్లెటూళ్ళలో తిరిగేవాళ్ళకు ఇది పెద్ద ధైర్యం. బోస్ ఎస్1 ప్రో సుమారు 7 కిలోలు, మూడు ఇన్‌పుట్‌లు, లోపలే చార్జింగ్ బ్యాటరీ. కంపెనీ లెక్కన 11 గంటల దాకా వస్తుంది. జేబీఎల్ ఈఓఎన్ వన్ కాంపాక్ట్ 8 కిలోలు, 12 గంటలు అంటారు. ఆ గంటలు మితమైన వాల్యూంలో లెక్కేసినవి. భజనలో చిడతలు, తాళాల మీదుగా వినిపించాలని పెంచి పెడితే అంత రావు. సగం వేసుకోండి, తప్పిపోరు.

60, 70 మంది కూర్చునే పడిపూజకు ఇలాంటిది ఒకటి స్టాండు మీద ఉంటే సరిపోతుంది. గొంతుకు ఒక ఛానెల్, కీబోర్డుకు ఒకటి. వినాయక చవితి పందిరికో? రోడ్డు పక్కన, 500 మందికి, ఎదురుగా ఇంకో పందిరి పాటలు మోగుతుండగా వీటిలో ఏదీ చాలదు. అక్కడ సౌండ్ వాళ్ళ బాక్సులు ఉంటాయి, ఉండాలి.

అయితే ఆ రోజు మీ యాంప్లిఫయరు ఇంట్లో పెట్టి వెళ్ళకండి. అసలు ఉపయోగం అక్కడే. దాన్ని మీ పక్కన, మీ వైపు తిప్పి పెట్టుకోండి. కీబోర్డు ముందు దాంట్లోకి, దాని లైన్ అవుట్ నుంచి సౌండ్ వాళ్ళ మిక్సర్‌కి. ఇప్పుడు మీరు వాయించేది మీకు స్పష్టంగా వినిపిస్తుంది. మానిటర్ ఇవ్వండన్నా, పెంచండన్నా అని పాట పాటకూ బతిమాలే పని లేదు. లైన్ అవుట్ వాల్యూం మీటతో పాటు మారుతుందా, విడిగా ఉంటుందా అన్నది ఇంట్లోనే పరీక్షించుకోండి. మీటతో పాటు మారే రకమైతే ప్రోగ్రాం మధ్యలో దాన్ని ముట్టుకోకూడదు. మీరు మీకోసం తగ్గిస్తే మొత్తం పందిట్లో తగ్గిపోతుంది.

4. కీబోర్డును మీ పాటతో పరీక్షించండి

దుకాణంలో కీబోర్డు వినేటప్పుడు జరిగేదేమిటి? అమ్మేవాడు డెమో బటన్ నొక్కుతాడు. అన్ని వాద్యాలూ కలిసి గుడిగంటల్లా మోగుతాయి. మీరు డబ్బు తీసి ఇచ్చేస్తారు. ఇంటికొచ్చి మీ పాట వాయిస్తే ఆ అందం ఏదీ?

డెమో వినకండి. మీరు ఎక్కువగా వాయించే మూడు పాటలు రాసుకుని వెళ్ళండి. ఒకటి ఫ్లూటో షెహనాయో మెలోడీ ఉన్నది, ఒకటి తబలా రిథమ్ మీద నడిచేది, ఒకటి గాయనీగాయకులు ఇద్దరూ పాడేది. మూడూ వాయించండి. యమహా పీఎస్ఆర్ ఐ500, కాసియో సీటీ ఎక్స్870ఐఎన్ వంటివి మన దేశం కోసం చేసిన మోడళ్ళు, మన వాద్యాల టోన్లు, తాళాలు వాటిలో దొరుకుతాయి. లోపలే స్పీకర్లు ఉంటాయి కాబట్టి రిహార్సల్‌కి వేరే ఏమీ అక్కర్లేదు. రోలాండ్ జూనో డీఎస్61, ఎక్స్‌పీఎస్ సిరీస్ వంటివి స్టేజీ మీద టోన్లు చకచకా మార్చుకునే ఆర్కెస్ట్రా వాళ్ళకు నప్పుతాయి. వీటిలో స్పీకర్లు ఉండవు. జూనో డీఎస్61 బరువు 5.3 కిలోలే, చార్జింగ్ పెన్‌సెల్ బ్యాటరీలు ఎనిమిది వేస్తే కరెంటు లేకుండా కూడా నడుస్తుంది. ఏది గొప్పదన్న ప్రశ్న వదిలేయండి. మీరు ఒక్కరే రిథమ్‌తో సహా నడిపిస్తారా, లేక పక్కన ప్యాడ్స్ వాయించే మనిషి ఉన్నాడా? ఒక్కరే అయితే మొదటి రకం, టీమ్ ఉంటే రెండోది.

ఒక్క విషయంలో రాజీ పడకండి: పిచ్ బెండ్. మన సంగీతంలో స్వరం నిలువుగా నిలబడదు, ఊగుతుంది, జారుతుంది. మెట్ల వాద్యంలో ఆ జారుడు తెచ్చేది ఆ చిన్న చక్రమే. మామూలుగా దాని పరిధి రెండు మెట్లు ఉంటుంది, అంటే షడ్జం నుంచి చతుశ్రుతి రిషభం దాకా. మొదట్లో అంతే ఉంచండి. పరిధి పెంచితే వేలు కాస్త కదిలినా స్వరం ఎక్కడికో పోతుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఏం చేశారు? మాండొలిన్‌లో మామూలుగా ఉండే జంట తీగలు గమకానికి అడ్డమని ఒంటి తీగల, ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. సంగీతం కోసం వాద్యాన్ని మార్చుకున్నారు తప్ప వాద్యం కోసం సంగీతాన్ని మార్చలేదు. కీబోర్డు కొనేటప్పుడు మీ మనసులో ఉండాల్సిన వరస అదే.

పాడేవాళ్ళ శ్రుతి కూడా రాసుకుని వెళ్ళండి. మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నర, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర అంటుంటారు కదా. ఒకటి అంటే సి, ఐదు అంటే జి. ఒక పాటనుంచి ఇంకో పాటకు వెళ్ళేటప్పుడు ట్రాన్స్‌పోజ్ ఎన్ని బటన్లు నొక్కితే మారుతోంది? పాటకు తగ్గ టోను, రిథమ్, ట్రాన్స్‌పోజ్ మూడూ కలిపి ఒకే మెమరీ బటన్‌లో దాచుకోగలమా? ఇది కుదిరితే ప్రోగ్రాంలో మీ తల తేలికపడుతుంది. కుదరకపోతే ఏమవుతుందో తెలుసా? ముందు పాటలో రెండు మెట్లు ఎక్కించిన సంగతి మరిచి తర్వాతి పాట బిట్ ఎత్తుకుంటారు. గాయకుడు మీ వైపు చూస్తాడు. వందమంది ఆయన వైపు చూస్తారు.

5. పిన్ను దగ్గర పరువు పోతుంది

ఈ చిన్న విషయం మీద నేను ఎక్కువసేపు ఆగుతాను. ప్రోగ్రాములు పాడవడానికి నేను చూసిన కారణాల్లో ఇది పెద్దది, తెలిస్తే రెండు నిమిషాల్లో సర్దుకునేది.

ఒక కుర్రాడు కొత్త కీబోర్డు తెచ్చాడు. వెనక హెడ్‌ఫోన్ జాక్‌లోంచి వైరు తీసి అద్దె మిక్సర్‌లో గుచ్చాడు. సౌండు వచ్చింది, కానీ ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు. బేస్ లేదు, మెలోడీ లేదు, దూరంగా రెవెర్బ్ మాత్రం ఊగుతోంది. "కీబోర్డు డూప్లికేట్ అంటగట్టారు" అని ఒకరు, "మిక్సర్ పోయింది" అని ఒకరు. కుర్రాడి ముఖం పాలిపోయింది. కీబోర్డూ బాగుంది, మిక్సరూ బాగుంది. పిన్ను తప్పు.

పిన్ను మీద నల్లటి గీతలు లెక్కపెట్టండి. ఒక గీత ఉంటే మోనో, రెండు గీతలుంటే స్టీరియో. చిన్న కీబోర్డుల హెడ్‌ఫోన్ జాక్ స్టీరియో: ఒక తీగలో ఎడమ చెవి సౌండు, రెండోదాంట్లో కుడి చెవి సౌండు. మిక్సర్‌లోని బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ దాన్ని ఎడమ, కుడి అని చూడదు. రెండు తీగల మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. మైకు వైరుకు అది మంచి పద్ధతి, దారిలో రెండు తీగలూ సమానంగా పట్టుకున్న గరగర తేడాలో కొట్టుకుపోతుంది. కానీ మీ కీబోర్డులో ఎడమ, కుడి రెండింటిలోనూ సమానంగా ఉన్నది అసలు మెలోడీ, అసలు బేస్! అవీ కొట్టుకుపోతాయి. మిగిలేది రెండు వైపులా వేరువేరుగా ఉన్న రెవెర్బ్.

పరిష్కారం వై కేబుల్. ఒక కొసన రెండు గీతల స్టీరియో పిన్ను, రెండో కొసన రెండు మోనో పిన్నులు. కీబోర్డులో స్టీరియో పిన్ను, మిక్సర్‌లో రెండు ఛానెళ్ళు. ఒకే ఛానెల్ ఇస్తామంటే ఎడమ పిన్ను ఒక్కటే పెట్టండి, రెండోది గాల్లో వదిలేయకుండా టేపు చుట్టండి. మోనో పిన్నును నేరుగా హెడ్‌ఫోన్ జాక్‌లో గుచ్చే అలవాటు మానుకోండి, కుడి వైపు అవుట్‌పుట్ షార్ట్ అవుతుంది. జూనో లాంటి వాటికి ఎడమ, కుడి జాకులు విడిగా ఉంటాయి, ఎడమదాని మీద మోనో అని కూడా రాసి ఉంటుంది. ఒకే వైరు ఉంటే దాంట్లో పెట్టండి, రెండు వైపులదీ కలిపి అదే పంపుతుంది.

ఇంకొకటి. హెడ్‌ఫోన్ జాక్‌లో పిన్ను పెట్టగానే చాలా కీబోర్డుల లోపలి స్పీకర్లు ఆగిపోతాయి. ఇంట్లో ఎప్పుడూ లోపలి స్పీకరు వింటూ వాయించినవాళ్ళు స్టేజీ మీద ఒక్కసారిగా చెవిటివాళ్ళయినట్టు కంగారుపడతారు. మూడో చిట్కాలో మీ పక్కన యాంప్లిఫయరు పెట్టుకోమన్నది ఇందుకే.

మిక్సర్ దూరంగా ఉంటే, అంటే ఆరు మీటర్లు దాటితే, మధ్యలో డీఐ బాక్సు పెట్టండి. అరచేతి వెడల్పు డబ్బా. కీబోర్డు సిగ్నల్‌ను మైకు వైరులో దూరం పోగలిగేలా మారుస్తుంది. గుయ్యిమని హమ్ వస్తుంటే దాని మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కి చూడండి, చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. వీణకో వయొలిన్‌కో పీజో పికప్ అంటించుకునేవాళ్ళు మాత్రం దాన్ని మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే రేకు డబ్బా మోగినట్టుంటుంది. యాంప్లిఫయరు మీద హై జెడ్ అనో, ఇన్‌స్ట్రుమెంట్ అనో రాసి ఉన్న ఇన్‌పుట్ వెతకండి.

6. కరెంటుతో ఆటలొద్దు

పందిట్లో కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది? జనరేటరా, పక్కింటి మీటరా, స్తంభమా? అడగడానికి మొహమాటపడకండి.

మూడు ఫేజుల సప్లైలో న్యూట్రల్ తీగ వదులైతే, 230 వోల్టులు రావాల్సిన ప్లగ్గులో 300 దాటి కూడా రావచ్చు. లైట్లు ఒకవైపు మిలమిలా మెరిసి ఇంకోవైపు మందగించాయంటే అనుమానించండి. వెంటనే ప్లగ్గు పీకేయండి. మీ సంచిలో ఒక మల్టీమీటరు ఉండాలి. ప్లగ్గులో గుచ్చి 230కి కాస్త అటూ ఇటుగా చూపిస్తేనే మీ సరుకు తగిలించండి. మీటరు వాడటం రాకపోతే ఎలక్ట్రీషియన్ దగ్గర కూర్చుని పది నిమిషాల్లో నేర్చుకోండి. వాడటం తెలియకుండా మాత్రం ప్లగ్గులో ఏదీ పెట్టకండి.

పెదవి మైకుకు తగిలినప్పుడు చురుక్కుమందా? "అదంతే, అలవాటైపోతుంది" అంటారు కొందరు. అలవాటు చేసుకోవద్దు. ఎర్త్ లేదని మీ శరీరం చెబుతోంది. గిటారు తీగలు పట్టుకుని మైకు ముందు నిలబడ్డ మనిషికి అది ప్రాణాల మీదికి రావచ్చు. అలాంటి చోట పూర్తిగా బ్యాటరీ మీద నడిపించండి, ఆ మైకు సెట్టుకు మీ వైరు కలపకండి. ఎర్త్ సరిచేసేదాకా మొదలుపెట్టనని మర్యాదగా, గట్టిగా చెప్పండి.

ఇక అడాప్టర్లు. చిన్న యమహా కీబోర్డులు చాలావాటికి 12 వోల్టులు, మధ్య సూది పాజిటివ్. బాస్ కంపెనీ పెడల్స్‌కి 9 వోల్టులు, మధ్యది నెగెటివ్. చీకట్లో సర్దుకునేటప్పుడు మీదీ ప్యాడ్స్ ఆయనదీ తారుమారైతే? పిన్ను దూరిందంటే సరిపోయిందని కాదు. ఇంటికెళ్ళగానే తెల్ల టేపు ముక్కలు తీసుకుని అడాప్టరు మీదా, వాద్యం జాకు పక్కనా ఒకే రంగు గుర్తు పెట్టండి. వోల్టులు, మధ్య సూది గుర్తు కూడా రాయండి. ఈ పని ఈ రాత్రే చేయొచ్చు.

బ్యాటరీల మాట. ఆల్కలైన్ బ్యాటరీ 1.5 వోల్టులు, చార్జింగ్ బ్యాటరీ 1.2. కొన్ని వాద్యాల్లో ఏ రకం వేశారో చెప్పే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని మార్చకపోతే చార్జి మిగిలుండగానే ఆగిపోవచ్చు. కొత్తవీ పాతవీ కలిపి వేయకండి. సీజన్ అయ్యాక లోపలే వదిలేస్తే కారి కాంటాక్టులు తినేస్తాయి.

7. బ్లూటూత్ పాట వినడానికే

యాంప్లిఫయరులో బ్లూటూత్ ఉంది, కీబోర్డులోనూ ఉంది, వైరెందుకు అనిపిస్తుంది కదూ? మెట్టు నొక్కిన సౌండు బ్లూటూత్‌లో బయటికి రావడానికి మామూలుగా 100 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. గాల్లో సౌండు సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే 200 మిల్లీసెకన్ల ఆలస్యం స్పీకరును 68 మీటర్ల దూరంలో పెట్టుకుని వాయించినట్టు. తాళం ఎలా నిలుస్తుంది? ట్రాక్ వేసుకుని పాడటానికి ఫోన్ నుంచి బ్లూటూత్ వాడండి, ఇబ్బంది లేదు, ఫోన్‌ను మాత్రం ఫ్లైట్ మోడ్‌లో పెట్టాకే బ్లూటూత్ తెరవండి. వాయించేదానికి వైరే.

8. మైకు కూసినప్పుడు

స్పీకరు గాయకుడి వెనక ఉందా? ముందుకు జరపండి. మైకు గుండుజాలీని గుప్పిట్లో మూసి పట్టుకున్నాడా? కిందికి పట్టుకోమనండి, మూస్తే అది అన్ని వైపులనుంచీ వింటుంది. అప్పటికీ కూస్తుంటే రెవెర్బ్ తగ్గించండి, ఆ తర్వాతే వాల్యూం. పాడేవాళ్ళయితే సొంత మైకు ఒకటి కొనుక్కోండి. షూర్ ఎస్ఎమ్58 వంటి డైనమిక్ మైకు 1966 నుంచి స్టేజీల మీద ఉంది, ఫాంటమ్ పవర్ అడగదు, కింద పడినా ఓర్చుకుంటుంది.

9. ప్రోగ్రాం రోజున కొత్తది బయటికి తీయకండి

శుక్రవారం కొని శనివారం పెళ్ళిలో వాయించారా? మెనూలు వెతుక్కుంటూ నిలబడతారు. కనీసం రెండు వారాలు ఇంట్లో వాయించండి. ఒక రోజు గదిలో లైటు తీసేసి, వేళ్ళ గుర్తుతో టోన్లు మార్చండి. ఒక రోజు ప్లగ్గు పీకి బ్యాటరీ మీద ఎంతసేపు వస్తుందో గడియారం పెట్టి చూసి, నోటుపుస్తకంలో రాసుకోండి. కంపెనీ అంకె కొట్టేసి మీ అంకె రాయండి. ఆన్ చేసేటప్పుడు ముందు కీబోర్డు, చివర యాంప్లిఫయరు. ఆపేటప్పుడు ముందు యాంప్లిఫయరు. స్పీకర్లను దెబ్బతీసే ఆ ఢప్‌మనే శబ్దం రాకుండా వేళ్ళకు అలవాటు చేయండి.

విదేశాల్లో మనవాళ్ళ సభలకు వెళ్ళే అవకాశం వస్తే రెండు చూసుకోండి. అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉందా? అమెరికాలో 120 వోల్టులే వస్తాయి. యాంప్లిఫయరు లిథియం బ్యాటరీ మీద ఎన్ని వాట్ అవర్లు రాసి ఉంది? 100 లోపైతే మామూలుగా చేతి సంచిలో పోనిస్తారు, 160 దాకా విమానం కంపెనీని ముందే అడగాలి. విడి బ్యాటరీ లగేజీలో వేయకూడదు.

10. సౌండ్ అన్నను మీవైపు తిప్పుకోండి

సరుకంతా కొన్నారు. "మాది మేం తెచ్చుకున్నాం, మీరు పక్కకుండండి" అన్న ముఖంతో స్టేజీ ఎక్కుతారా? తెల్లవారగట్ల లారీ ఎక్కి స్తంభాలు పాతి, బాక్సులు మోసి వచ్చిన మనిషి ఆయన. ముందు పలకరించండి.

"అన్నా, నమస్తే. కీబోర్డు నాది. డీఐ నేనే తెచ్చుకున్నా, మీరు ఒక మైకు వైరు ఇస్తే చాలు. మానిటర్ నా దగ్గరే ఉంది."

"అట్లయితే మంచిది తమ్ముడూ. ఎంత లెవెల్ ఇస్తావ్?"

"మీరు చూసుకోండన్నా. నేను పెద్ద టోను ఒకటి వాయిస్తా, దానికి సెట్ చేయండి. తర్వాత నా మీట ముట్టుకోను."

ఆ చివరి మాట నిలబెట్టుకోండి. సౌండ్ చెక్‌లో మెల్లగా వాయించి, జనం రాగానే వాల్యూం పెంచే కీబోర్డు ప్లేయర్లను ఆయన చాలామందిని చూసి ఉంటాడు. మీరు అలా చేయలేదని తెలిశాక మీరు ఎప్పుడు వచ్చినా మంచి ఛానెల్ ఇస్తాడు.

టైము కూడా ఆయనతో కలిసి చూసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. పండుగల పేరుతో రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, ఆ రోజు అలాంటిదో కాదో కమిటీ వాళ్ళను ముందే అడగండి. పాటల వరస పది గంటలు దృష్టిలో పెట్టుకుని రాసుకోండి.

చివరిగా ఒక మాట. పడిపూజల్లో నేనొక పద్ధతి పాటిస్తాను. కరెంటు ఉన్నంతసేపు యాంప్లిఫయరు ప్లగ్గులోనే ఉంచుతాను, బ్యాటరీ ముట్టను. చివర హరివరాసనం పాడే వేళకు గురుస్వామి లైట్లు తీసేయమంటారు, మెట్ల మీద దీపాలు మాత్రం ఉంటాయి. సెల్లార్లో మెయిన్ కట్టేస్తే ప్లగ్గు కూడా పోతుంది, ఇక బ్యాటరీయే దిక్కు. అప్పుడు వాల్యూం పావు వంతుకు దించి, రెవెర్బ్ తీసేసి, తంబురా టోను ఒక్కటీ పట్టి ఉంచుతాను. ఆ ఎనిమిది నిమిషాలకు సరిపడా చార్జి మిగిలిందో లేదో సాయంత్రం సామాను దింపగానే చూసుకుంటాను. మీరూ చూసుకోండి.